కొండ పైన్ చేసే పనిని నెల్లూరు, ప్రకాశం తోటల్లో సరుగుడుతో చేయించుకునే విధానం

యూరప్‌లోని ఆల్ప్స్, కార్పేతియన్, బాల్కన్ పర్వతాలపై, పెద్ద చెట్లు ఇక ఎదగలేని ఎత్తులో, నేలను అంటిపెట్టుకుని గుబురుగా పెరిగే ఒక పొట్టి పైన్ ఉంది. దానిని ముగో పైన్ అని, కొండ పైన్ అని పిలుస్తారు. సూదుల వంటి ఆకులు రెండేసి జతగా ఉండే ఈ చెట్టుకు ఒకే మాను ఉండదు. మొదలు నుంచే అనేక కొమ్మలు చీలి, సాధారణంగా మూడున్నర మీటర్లకు మించకుండా పెరుగుతాయి. శీతాకాలంలో మంచు బరువుకు నేలకు వంగిన కొమ్మలు, మంచు కరిగిన తరువాత విరగకుండా తిరిగి లేస్తాయి. సున్నపురాయి గులకలో, మట్టి పలుచగా ఉన్న వాలులో, సారం లేని నేలలో కూడా బ్రతకగలదు కనుక అక్కడి తోటల రూపకర్తలు దీనిని రాతి తోటల్లోనూ, జారే వాలుల మీదనూ, పొట్టి కంచెగానూ, తొట్లలోనూ విరివిగా వాడుతున్నారు.

ఈ చెట్టు చేసిన మరొక పని మన తీరవాసులకు ఆసక్తి కలిగించేది. డెన్మార్క్‌లోని జట్లాండ్ పడమటి తీరంలోనూ, లిథువేనియా, రష్యాల మధ్య పంచుకున్న కుర్షియన్ ఇసుక తిన్నెల మీదనూ, గాలికి కదిలి ఊళ్ళను కప్పేస్తున్న ఇసుకను నిలపడానికి 19వ శతాబ్దంలో ఈ కొండ చెట్టునే తెచ్చి నాటారు. అంటే పర్వతం మీద మంచుగాలికి ఓర్చుకునే గుణం, సముద్రపు ఒడ్డున ఉప్పుగాలికి ఓర్చుకోవడానికి కూడా పనికివచ్చింది. కొత్తపట్నం నుంచి మైపాడు మీదుగా దక్షిణానికి సాగే మన ఇసుక తీరంలో అదే పనిని సరుగుడు చేస్తున్నది. సర్వి అని, చవుకు అని కూడా పిలుచుకునే ఈ చెట్టును మనవారు కర్రల కోసం, కాగితపు గుజ్జు కోసం పెంచే పంటగా చూస్తారే తప్ప, ఇంటి ఆవరణకు అందాన్ని, నీడను, రక్షణను ఇచ్చే చెట్టుగా చూడడం తక్కువ.

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ముగో పైన్‌ను నెల్లూరులో గానీ, ఒంగోలులో గానీ పెంచే ప్రయత్నం చేయకపోవడం మంచిది. ఆన్‌లైన్‌లో బోన్సాయ్ విత్తనాల పేరుతో దీని విత్తనాలు అమ్మకానికి కనిపిస్తాయి; అవి మొలకెత్తినా, రోహిణి కార్తె ఎండలను దాటడం దుర్లభం. చలికాలంలో నెలల తరబడి గడ్డకట్టే చలిలో విశ్రాంతి తీసుకోవడానికి అలవాటుపడిన చెట్టు అది. మన చలికాలపు రాత్రులు దానికి వేసవి రాత్రులతో సమానం. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ముంచెత్తే సమయంలో, వెచ్చని తడి నేలలో దాని వేళ్ళు కుళ్ళిపోతాయి. హిమాలయాల చీడ్ పైన్ మన దేశపు చెట్టే అయినా, దాని సహజ నివాసం కూడా కొండ వాలులే. ఉదయగిరి దుర్గం శిఖరం మూడు వేల అడుగులు దాటి ఉన్న మాట నిజమే గానీ, అక్కడ ఇల్లు కట్టుకుని తోట వేసుకునే వారెవరూ లేరు. కనుక పైన్ రూపాన్ని కోరుకునేవారు, కొండ మీద ఆ చెట్టు ఏ పని చేస్తున్నదో గమనించి, ఆ పనిని మన నేలకు తగిన చెట్టుకు అప్పగించాలి.

సరుగుడును గురించి తెలుసుకోవలసినది

చూడడానికి పైన్‌లా ఉన్నా సరుగుడు పైన్ జాతికి చెందినది కాదు. అది పువ్వులు పూసే చెట్ల వర్గానికి చెందినది. మనం ఆకులనుకునే సన్నని పచ్చని పుల్లలు నిజానికి లేత కొమ్మలు. ఒక పుల్లను కణుపు దగ్గర లాగి చూస్తే సులభంగా ఊడి వస్తుంది. ఆ కణుపు చుట్టూ కంటికి ఆనీ ఆననట్లు కనిపించే పొలుసులే అసలైన ఆకులు. ఆకులు ఇంత చిన్నవి కావడం వలన నీరు ఆవిరై పోవడం తగ్గుతుంది. వేళ్ళ మీది బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. వట్టి ఇసుకలో కూడా సరుగుడు పచ్చగా ఉండడానికి ఇదే కారణం.

అయితే కొండ పైన్‌కూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది, దానిని మరచినవారే తరువాత చెట్టును కొట్టించుకోవలసి వస్తుంది. ముగో పైన్ ఏడాదికి కొన్ని అంగుళాలు మాత్రమే పెరుగుతుంది. సరుగుడు మంచి నేలలో నాలుగైదేళ్ళలోనే రెండంతస్తుల మేడను దాటుతుంది. కత్తెర పట్టుకుని క్రమం తప్పకుండా కత్తిరించే ఓపిక ఉన్నవారే దీనిని పొట్టి మొక్కగా ఉంచగలరు. ఆ ఓపిక లేనివారు దీనిని గాలితెరగా మాత్రమే పెంచి, ఇంటి ముంగిట వేరే మొక్కలు పెట్టుకోవాలి.

నేల ఏదో చూసుకున్న తరువాతనే రకాన్ని ఎంచుకోవాలి. కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, తుమ్మలపెంట, మైపాడు, కోడూరు వంటి తీర గ్రామాల ఇసుక నేలలకు పాత రకమైన కాజువరినా ఈక్విసెటిఫోలియా బాగా సరిపోతుంది; ఉప్పుగాలిని అది తట్టుకుంటుంది. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు మెట్ట ఎర్ర నేలలకు జుంగునియానా అనే జాతి గానీ, ఈ రెండింటిని కలిపి పుట్టించిన సంకర క్లోన్లు (ఒకే మేలైన చెట్టు నుంచి పెంచిన నకలు మొక్కలు) గానీ మేలు, ఎందుకంటే అవి నీటి ఎద్దడిని మరింతగా ఓర్చుకుంటాయి. కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ ఇటువంటి క్లోన్లను అభివృద్ధి చేసింది. నీరు నిలిచే నల్లరేగడి భూమిలో మాత్రం సరుగుడును నాటకపోవడమే మంచిది. అక్కడ కానుగతో సరిపెట్టుకోవాలి.

మొక్కల ఎంపిక, నాటే పద్ధతి

నర్సరీలో ఎత్తైన మొక్కను చూసి మురిసిపోకూడదు. ఆరు నెలలు మించని, అడుగు నుంచి అడుగున్నర ఎత్తున్న, కాండం పెన్సిల్ కంటే సన్నగా ఉన్నా నిటారుగా నిలిచిన మొక్కను తీసుకోవాలి. పాలిథీన్ సంచిలో ఎక్కువ కాలం ఉన్న మొక్క వేళ్ళు అడుగున గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. అటువంటి మొక్క భూమిలో నాటిన తరువాత కూడా ఆ చుట్టలోనే పెరిగి, ఐదారేళ్ళ తరువాత తుపాను గాలికి మొదలంటా ఒరిగిపోతుంది. సంచిని పూర్తిగా చించి తీసివేసి, చుట్టుకున్న వేళ్ళను పదునైన చాకుతో కోసి నాటాలి.

విత్తనాల నుంచే మొక్కలు పెంచుకోదలచినవారు, కాయలు ఆకుపచ్చ రంగు పోయి గోధుమ రంగుకు తిరుగుతున్నప్పుడు, నోళ్ళు తెరవకముందే కోయాలి. వాటిని పలుచని గుడ్డ కప్పి ఎండలో రెండు మూడు రోజులు ఉంచితే రెక్కలున్న చిన్న విత్తనాలు రాలుతాయి. ఈ విత్తనాలు నిలువ ఉంటే త్వరగా మొలకెత్తే శక్తిని కోల్పోతాయి కనుక వెంటనే చల్లుకోవాలి. నారుమడిలో చీమలు విత్తనాలను ఎత్తుకుపోతాయి. మడి చుట్టూ ముందే కాపు పెట్టుకోకపోతే మొలకలు రాలేదని విత్తనాన్ని నిందించవలసి వస్తుంది. మొలకలు నాలుగంగుళాలు దాటిన తరువాత సంచుల్లోకి మార్చాలి.

నాటడానికి అనువైన కాలం అక్టోబరు నుంచి నవంబరు మధ్య వరకు. నైరుతి వానలను నమ్మి జూన్‌లో నాటే ఆచారం ఉత్తర జిల్లాలకు సరిపోతుందేమో గానీ, నెల్లూరు, ప్రకాశం తీరానికి ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలదే. ఒకటిన్నర అడుగుల గొయ్యి తీసి, బాగా మాగిన పశువుల ఎరువు ఒక గంపెడు, చెదల బెడద ఉన్న చోట గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. దగ్గరలో ఆరోగ్యంగా ఉన్న పాత సరుగుడు తోట ఉంటే, అక్కడి వేళ్ళ బుడిపెలు కొన్నింటిని, వాటి చుట్టూ ఉన్న మట్టితో సహా తెచ్చి గొయ్యిలో వేయడం ఎంతో మేలు చేస్తుంది. ఫ్రాంకియా కొత్త మొక్కకు ఈ విధంగానే సులభంగా అందుతుంది. తెగులు సోకిన తోట మట్టిని మాత్రం తీసుకురాకూడదు.

మొదటి వేసవిలో ఇసుక నేలలోనైతే వారానికి రెండు సార్లు నీరు పోయాలి. మొక్క పక్కన సన్నని చిల్లున్న మట్టికుండను మెడ వరకు పాతిపెట్టి నింపుతుంటే, పైన పోసిన నీరు ఇసుకలో ఇంకి వృథా అయ్యే బాధ తప్పుతుంది. రెండవ వేసవి దాటిన తరువాత చెట్టు తన దారి తాను చూసుకుంటుంది.

గాలితెర వేయడం

ఈ రెండు జిల్లాల్లో సరుగుడును తోట రూపకల్పనలో వాడుకోవడానికి ఇంతకంటే గట్టి కారణం మరొకటి లేదు. గాలితెర వేసేముందు ఏ గాలిని ఆపదలచామో నిర్ణయించుకోవాలి. తీరంలోని ఇంటికి తూర్పు నుంచి వచ్చే ఉప్పుగాలి, ఇసుక శత్రువులు. మెట్ట ప్రాంతపు తోటకు మే, జూన్ నెలల్లో పడమటి నుంచి వీచే వడగాలి శత్రువు. ఉలవపాడు వైపు మామిడి తోటల్లో, కోతకు ముందు వీచే ఈదురుగాలులకు కాయలు రాలిపోవడం రైతులకు కొత్త విషయం కాదు. పొదలకూరు, గూడూరు ప్రాంతపు నిమ్మ తోటలకు కూడా పడమటి దిక్కున పచ్చని తెర ఉంటే వడగాలి తీవ్రత తగ్గుతుంది.

వరుసలను గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా వేయాలి. చోటు ఉంటే మూడు వరుసలు, వరుసకూ వరుసకూ, చెట్టుకూ చెట్టుకూ మధ్య రెండు మీటర్ల దూరం ఉంచి, ఒక వరుసలోని చెట్టు పక్క వరుసలోని ఖాళీకి ఎదురుగా వచ్చేటట్లు నాటాలి. కర్రల కోసం మీటరుకొక మొక్క నాటే పద్ధతి ఇక్కడ పనికిరాదు. అంత దగ్గరగా పెరిగిన చెట్లు కింది కొమ్మలను కోల్పోయి, వట్టి గడలుగా నిలుస్తాయి, వాటి మధ్య నుంచి గాలి నేల వెంటే దూసుకువస్తుంది. చాలామంది గోడలా గాలి చొరబడని తెర కావాలని కోరుకుంటారు, అది పొరపాటు. గాలిని పూర్తిగా అడ్డుకునే గోడ వెనుక సుడులు లేచి, కొంత దూరంలో మరింత బలంగా నేలను తాకుతాయి. సగం గాలిని వడకట్టి, సగాన్ని నెమ్మదింపజేసి పంపే తెరయే మేలైనది. ఎత్తుకు పదింతల దూరం వరకు అది బాగా రక్షణ ఇస్తుంది. అంటే ఎనిమిది మీటర్ల ఎత్తున్న వరుస వెనుక సుమారు ఎనభై మీటర్ల వరకు గాలి ఉధృతి తగ్గుతుంది.

సముద్రం వైపున ఉన్న మొదటి వరుసకు ముందు, ఇసుక మీద పాకే తీగలను, రావణాసురుడి మీసాలని పిలిచే ముళ్ళ గడ్డిని పీకివేయకుండా వదలాలి. ఇసుకను మొదట పట్టేది అవే. వాటి వెనుక మొగలి పొదలు, ఆ తరువాత సరుగుడు, చివర తాడిచెట్లు ఉన్న తీరం ఏ రూపకర్త గీసిన తోటకూ తీసిపోదు. అలలు వచ్చి తాకే గీత దాకా సరుగుడును తీసుకుపోవడం మాత్రం తగదు. చలికాలంలో ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు బహిరంగమైన ఇసుక కావాలి. పైగా తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తించే స్థలంలో ఏ పని చేసినా ముందుగా అనుమతి విషయం విచారించుకోవాలి.

పంట తోట పక్కన తెర వేసినప్పుడు, సరుగుడు వేళ్ళు పక్క చెట్ల తేమను లాగివేయకుండా, మధ్యలో రెండు మూడడుగుల లోతు కందకం తీసి, ఏడాదికొకసారి దానిలోకి వచ్చిన వేళ్ళను నరికివేయాలి. ఇంటి గోడకు ఆరు నుంచి ఎనిమిది మీటర్ల లోపున, విద్యుత్ తీగల కింద ఎక్కడా ఎత్తుగా పెరగనివ్వకూడదు. తుపానుల కాలం మొదలయ్యేలోపు, అంటే సెప్టెంబరులోనే, బరువుగా ఒక పక్కకు వాలిన కొమ్మలను తీసివేయాలి.

కంచెగా, గుబురుగా మలచడం

కొండ పైన్ యూరప్ తోటల్లో పొట్టి పచ్చని దిండ్లలా కనిపిస్తుంది. వసంతంలో దాని కొమ్మల చివర మైనపు వత్తుల్లాగా నిలబడే లేత చిగుళ్ళను, సూదులు విచ్చుకోకముందే, వేళ్ళతో సగానికి తుంచుతారు. ఏడాదికి ఆ ఒక్క పని చాలు. ఆకులు లేని ముదురు కొమ్మను కోస్తే ఆ పైన్ మళ్ళీ చిగురించదు. సరుగుడు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: ఈక్విసెటిఫోలియా ముదురు మాను నుంచి సరిగా చిగురించదు కనుక, పచ్చదనం ఉన్న భాగంలోనే కత్తెర ఆడించాలి. జుంగునియానా మోడు నుంచి కూడా చిగురిస్తుంది. కంచెకు అది అనుకూలమైన గుణమే.

కంచె కోసం అడుగున్నర నుంచి రెండడుగుల దూరంలో, రెండు వరుసలుగా నాటాలి. మొక్క నడుము ఎత్తుకు రాగానే, ఇంకా పెరగనిద్దామన్న ఆశను అణచుకుని తల తుంచాలి. ఈ మొదటి కత్తిరింపును ఆలస్యం చేసిన కంచె జీవితాంతం కింద ఖాళీగానే ఉంటుంది. ఆ తరువాత పెరుగుదల కాలంలో ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి పక్కలను, పైభాగాన్ని కత్తిరించాలి. కంచె అడుగుభాగం పైభాగం కంటే కొద్దిగా వెడల్పుగా ఉండేటట్లు మలచితే కింది కొమ్మలకు వెలుతురు అంది అవి ఎండిపోకుండా ఉంటాయి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య వరకు కత్తిరింపు ఆపివేయాలి. లోపలి లేత పుల్లలు ఒక్కసారిగా ఎండకు గురైతే మాడిపోతాయి.

రాతి తోటకు ఈ ప్రాంతంలో లోటేమీ లేదు. చీమకుర్తి క్వారీల నుంచి వచ్చే నల్ల గెలాక్సీ గ్రానైట్ తునకలు, మార్కాపురం పలకరాళ్ళు తక్కువ ఖర్చుతో దొరుకుతాయి. నల్లరాయి ఎండకు బాగా వేడెక్కుతుంది కనుక మొక్క మొదలుకు జానెడు దూరంలో ఉంచాలి. వాలు మీద ప్రతి మొక్కకు దిగువన అర్ధచంద్రాకారంలో చిన్న గట్టు వేస్తే జారిపోయే వాన నీరు వేరు దగ్గర ఆగుతుంది. నిజానికి ఎదిగిన తరువాత కూడా పొట్టిగా ఉండే మొక్కే కావాలనుకుంటే, కత్తెరతో యుద్ధం చేయడం కంటే అల్లి, బలుసు, వాక్కాయ వంటి మన తీరపు చిట్టడవుల పొదలను ఎంచుకోవడం తెలివైన పని. కొండ పైన్ ఆల్ప్స్ వాలుకు ఎంత సహజమో, ఇవి మన నేలకు అంత సహజమైనవి. మెట్లు మెట్లుగా కొమ్మలు చాచే పైన్ ఆకారమే కావాలనేవారు, నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరకేరియాను మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని చోట పెంచుకోవచ్చు.

చీడపీడలు, రాలిన పుల్లలు

బెరడుపై బొబ్బలు లేచి, అవి పగిలినప్పుడు మసి వంటి నల్లని పొడి రాలితే అది శిలీంధ్ర తెగులు. దానికి నమ్మదగిన మందు లేదు; చెట్టును వేళ్ళతో సహా తీసి కాల్చివేసి, మిగిలిన చెట్లకు ఆ వైపు కందకం తవ్వడమే మార్గం. కాండం మీద పొట్టు, పెంటికలు కలిసిన గొట్టం వంటి పూత కనిపిస్తే అది బెరడు తినే పురుగు. ఆ పూతను తుడిచివేసి, రంధ్రంలో ఇనుప తీగను పొడిచి, కిరోసిన్‌లో ముంచిన దూది పెట్టి మట్టితో మూసివేయాలి.

చెట్టు కింద పరచుకునే పుల్లల పొరలో పచ్చిక పెరగదు, కనుక అక్కడ పచ్చిక బయలు వేయాలనే ఆలోచన మానుకోవాలి. ఆ పుల్లలను నడకదారుల మీద పరచినా, ఇతర మొక్కల మొదళ్ళలో కప్పినా బాగుంటుంది. వేసవిలో అవి త్వరగా అంటుకుంటాయి. ఇంటికి, గడ్డివాముకు దగ్గరగా పేరుకోనివ్వకుండా ఊడ్చి వేరే చోట వేయాలి.

తొట్టిలో సరుగుడు

యూరప్‌లో బోన్సాయ్ చేసేవారికి ముగో పైన్ ఎంత ఇష్టమో, ఇండోనేషియా, తైవాన్ దేశాల్లో బోన్సాయ్ కళాకారులకు సరుగుడు అంత ఇష్టం. మన ఎండలకు ఇదే తగినది. లోతు తక్కువైన మట్టి తొట్టిలో ముతక ఇసుక రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, మాగిన ఎరువు ఒక పాలు కలిపి నాటాలి. నేలలో ఎండకు ఓర్చుకున్న చెట్టే తొట్టిలో దాహానికి ఓర్చుకోలేదు. వేసవిలో ఉదయం, సాయంత్రం రెండు పూటలా నీరు పోయాలి. ఒక్క రోజు మరచినా పుల్లలు రాలి కొమ్మ ఎండిపోతుంది. పూర్తి ఎండ తగిలే చోటే ఉంచాలి, నీడలో పుల్లలు సాగి వేలాడతాయి. కొమ్మలను వంచడానికి చుట్టిన అల్యూమినియం తీగను రెండు వారాలకొకసారి పరిశీలించాలి, ఎందుకంటే సరుగుడు కొమ్మ త్వరగా లావెక్కి తీగ బెరడులోకి దిగుతుంది. తీగను మెలి తిప్పి తీయకుండా కట్టర్‌తో ముక్కలుగా కోసి తీయాలి.